గంటన్నర సమావేశం, రెండు గంటల పని

బ్రిటిష్ సైన్యానికీ ఐరిష్ తిరుగుబాటుదారులకూ మధ్య తుపాకులు ఆగి ఇంకా రెండు నెలలు నిండలేదు. 1921 సెప్టెంబరు 7 రాత్రి డబ్లిన్‌లోని ఫ్రాన్సిస్ వీధిలో మైరా హౌస్ అనే ఇంట్లో పదిహేనుమంది దాకా స్త్రీలు కూడారు. చాలామంది పగలంతా పనికి వెళ్లొచ్చిన యువతులే. వాళ్లతోపాటు మైకేల్ టోహర్ అనే కతోలిక గురువు, ఫ్రాంక్ డఫ్ అనే ప్రభుత్వోద్యోగి ఉన్నారు. ముందుగా వచ్చిన ఒకామె బల్లమీద తెల్లటి గుడ్డ పరిచి, దానిమీద మరియమాత స్వరూపం నిలిపి, రెండు పక్కలా పూలకూజాలు పెట్టి కొవ్వొత్తులు వెలిగించింది. అందరూ మోకరించి పవిత్రాత్మకు ప్రార్థన చేసి, జపమాల చెప్పారు. తర్వాత లేచి కూర్చుని పని మాట్లాడుకున్నారు: సౌత్ డబ్లిన్ యూనియన్ అనే పేదల శరణాలయపు ఆస్పత్రిలో దిక్కులేక పడివున్న ఆడరోగుల దగ్గరికి ఎవరితో ఎవరు వెళ్లాలి, ఏ వార్డుకు వెళ్లాలి? ఇవాళ ప్రపంచమంతటా కతోలిక విచారణల్లో (పారిష్‌లలో) కనిపించే లీజియన్ ఆఫ్ మేరీకి ఇదే పుట్టుక. ఆ పేరు మాత్రం 1925లోగాని రాలేదు.

ఆ సంఘం గురించి భక్తులు రాసిన పుస్తకాలు దాని ఎదుగుదలకు మరియభక్తినే మూలకారణంగా చెబుతాయి. డఫ్ కూడా అదే చెప్పేవాడు. లూయీ ద మోన్‌ఫోర్ట్ అనే 18వ శతాబ్దపు ఫ్రెంచి గురువు రచనలు తన కళ్లు తెరిపించాయన్నాడు. విశ్వాసి దృష్టిలో అది సరిపోయే జవాబే కావచ్చు. చరిత్ర చూసేవాడికి మాత్రం చాలదు. ఎందుకంటే అదే భక్తి, అదే జపమాల, అదే కాలంలో ఇంకా ఎన్నో సంఘాలకూ ఉన్నాయి. 1563లో రోమ్‌లో యేసుసభకు చెందిన జాన్ లూనిస్ మొదలుపెట్టిన మరియ సొడాలిటీలు అనే భక్తసంఘాలు ప్రపంచమంతా పాకాయి. 1868లో పుట్టిన లిమెరిక్ నగరపు పవిత్ర కుటుంబ సమాజంలోనైతే వేలమంది మగవాళ్లు వారంవారం గుడికి వచ్చేవారు. ఆ నిండు గుడులతో పోలిస్తే మైరా హౌస్‌లో కూడినవాళ్లు లెక్కలోకి రారు. అయినా లిమెరిక్ నమూనా వేరే ఖండాల్లో వేళ్లూనలేదు, ఆ పదిహేనుమంది నమూనా ఊనింది. ఈ తేడాకు కారణం భక్తిలో కాక సమావేశం నడిపే తీరులో ఉందన్నది నా వాదన. ప్రార్థననూ సేవనూ ఒకే కూర్పులో పెట్టి, రెండింటిలో ఏదీ తప్పించుకోవడానికి వీల్లేని ఏర్పాటు చేశారు. ఆ ఏర్పాటు ఒక గుమాస్తా బుర్రలోంచి పుట్టింది.

గుమాస్తా అన్నది చిన్నచూపుతో కాదు. 1889లో పుట్టిన డఫ్ 1908లో ప్రభుత్వ కొలువులో చేరి, 1934లో దాన్ని వదులుకునేదాకా దస్త్రాల మధ్యే బతికాడు. నివేదికలు రాని శాఖలో పని ఎలా అటకెక్కుతుందో అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు. 1913లో సెయింట్ విన్సెంట్ డీ పాల్ సంఘంలో చేరి పేదల ఇళ్లకు తిరిగాడు. ఇద్దరిద్దరుగా వెళ్లడం, వారానికోసారి కలిసి లెక్క చెప్పుకోవడం ఆ సంఘపు అలవాట్లే. కాబట్టి ఇవి డఫ్ కనిపెట్టినవని అనడం తప్పు. అప్పట్లో ఆ సంఘంలో సభ్యత్వం మగవాళ్లకే ఉండేది. బయట నిలబడిన స్త్రీలకు అదే పనిముట్టు అందించి, దానికి ముందూ వెనకా ప్రార్థన బిగించడం అతను చేసిన పని. మొదటి అధ్యక్షురాలు ఎలిజబెత్ కిర్వాన్. గురువు గదిలో ఉన్నా, డఫ్ ఉన్నా సమావేశం నడిపింది ఆమే. పురుషుల శాఖ 1929లోగాని ఏర్పడలేదు. స్త్రీలు గుడిలో పూలు అమర్చడానికీ, గుడ్డలు ఉతకడానికీ పరిమితమైన కాలంలో ఒక స్త్రీ కుర్చీలో కూర్చుని, ఈ వారం ఏం పని చేశారని ఒక్కొక్కరినీ అడగడం చిన్న సంగతేమీ కాదు.

ఆ సమావేశాన్ని కాస్త దగ్గరగా చూడాలి. మూల శాఖను ప్రెసిడియం అంటారు. వారానికోసారి తప్పక కూడాలి, గంటన్నర దాటకూడదు. మొదట ప్రార్థన, జపమాల. తర్వాత కాసేపు ఆధ్యాత్మిక పఠనం, కిందటి వారం మినిట్స్. ఆపైన అసలు ఘట్టం: ప్రతి సభ్యుడూ తనకు అప్పగించిన పని ఏమైందో అందరిముందూ నోటితో చెప్పాలి. ఎవరింటికి వెళ్లారు, తలుపు తీశారా లేదా, మళ్లీ ఎప్పుడు వెళ్లాలి? ఇది సాగుతుండగా మధ్యలో లేచి మరో ప్రార్థన, గురువు చిన్న ప్రసంగం, ఎవరెంత వేశారో కనిపించని చందా సంచి. చివర వచ్చే వారం పని పంపకం, ముగింపు ప్రార్థన. వారంలో కనీసం రెండు గంటల గట్టి పని చేయాలి. ఎప్పుడూ జంటగానే వెళ్లాలి. చేరాలనుకున్నవాడు మూడు నెలలు ఈ గానుగ తిరిగాకే ప్రతిజ్ఞ చేస్తాడు. మరియమాత పేరున్న సంఘమైనా ఆ ప్రతిజ్ఞను పవిత్రాత్మనుద్దేశించి చెప్పడం గమనించదగ్గది. బయటికి వెళ్లలేని ముసలివాళ్లు, జబ్బుపడ్డవాళ్లు రోజూ ప్రార్థన మాత్రం చెప్పే సహాయక సభ్యులుగా ఉండొచ్చు. ఇందులో మనసును ఉర్రూతలూగించేదేమీ లేదు. నిజానికి కాస్త విసుగు పుట్టించే వ్యవహారమే. అయితే ఈ విసుగు నాయకుడి వాక్చాతుర్యం మీద ఆధారపడదు. లిమెరిక్ గుడిలో కూర్చున్నవాడికి మంచి ప్రసంగీకుడు కావాలి. ప్రెసిడియంలో కూర్చున్నవాడికి చెప్పుకోవడానికి కిందటి వారం చేసిన పని ఉండాలి, అంతే.

ఈ పద్ధతి ఎంత దూరం మోయగలదో చూపినది ఎడెల్ క్విన్. క్షయతో నెలల తరబడి శానిటోరియంలో గడిపి వచ్చిన ఈ యువతిని 1936లో తూర్పు ఆఫ్రికాకు పంపారు. ఆమె దగ్గర నిధులు లేవు, స్థానిక భాషలు రావు, ఒంట్లో శక్తి అంతంతమాత్రం. ఉన్నది ఒక చేతిపుస్తకం. 1944లో నైరోబీలో చనిపోయేనాటికి కెన్యా, ఉగాండా, టాంగన్యీకా, న్యాసాలాండ్, మారిషస్‌లలో వందల శాఖలు నిలిచాయి. ఆమె పవిత్రతను రోమ్ గుర్తించి 1994లో వెనరబుల్ అని ప్రకటించింది. అది వేరే లెక్క. ఇక్కడ చూడాల్సింది, ఆమె దాటి వెళ్లిపోయిన ఊళ్లలోనూ సమావేశాలు ఆగకపోవడం.

ఈ వాదనకు మొదటి అభ్యంతరం సులభంగానే వస్తుంది: కతోలిక శ్రీసభకున్న ప్రపంచవ్యాప్త యంత్రాంగం వెనక ఉంటే ఏ సంఘమైనా పెరుగుతుంది, ఇందులో పద్ధతి గొప్పేముంది? డబ్లిన్ చరిత్ర దీన్ని ఒప్పుకోదు. సొంత ఊళ్లోనే అగ్రపీఠాధిపతి ఎడ్వర్డ్ బైర్న్ ఏళ్ల తరబడి అధికారిక ఆమోదం ఇవ్వకుండా నాన్చాడు. 1931లో రోమ్ వెళ్లి పదకొండో పయస్ పోపును కలిశాకే డఫ్‌కు కొంత ఊపిరి ఆడింది. తర్వాత వచ్చిన జాన్ చార్లెస్ మెక్‌క్వైడ్‌తోనూ ఒరిపిడే. ప్రొటెస్టెంట్లతో కూర్చుని మాట్లాడుకోవడానికి 1941లో పెట్టిన మెర్సియర్ సొసైటీ, యూదులతో సంభాషణకు పెట్టిన పిల్లర్ ఆఫ్ ఫైర్ సొసైటీ రెండూ ఆయన హయాంలోనే మూతపడ్డాయి. పై అధికారం చల్లగా ఉన్నచోట ఒక సంఘం పెరిగిందంటే, దాని బలం కొంతైనా దాని లోపలే ఉండివుండాలి. గృహస్థ విశ్వాసుల ప్రేషిత సేవపై 1965లో రెండో వాటికన్ మహాసభ డిక్రీ వెలువరించిన చివరి దశలో డఫ్‌ను పరిశీలకుడిగా పిలిచారు. అప్పటికి ఆయన వయసు 76. ఆయన సభలో ఉన్నాడని తెలిసి పీఠాధిపతులు చప్పట్లు కొట్టారు. నలభై నాలుగేళ్లుగా నడుస్తున్నదానికి అప్పుడు సిద్ధాంతం దొరికింది.

రెండో అభ్యంతరం ఆ సైనిక వేషం మీద. రోమన్ సైన్యం నుంచీ పాలన నుంచీ అరువు తెచ్చిన ప్రెసిడియం, క్యూరియా, కొమీషియం, సెనాతుస్ లాంటి పేర్లు, గద్ద స్థానంలో పావురంతో ధ్వజం, ఏటా మార్చి 25 ప్రాంతంలో కొత్తగా విధేయత ప్రకటించే కవాతులాంటి ఉత్సవం ఈనాటి చెవికి ఎబ్బెట్టుగానే ఉంటాయి. నాకూ అవి నచ్చవు. అసలు పని రోగి పడక పక్కన కూర్చోవడమైతే దానికి లాటిన్ దండయాత్ర పేర్లెందుకు? ఈ వేషం ఖరీదు చైనాలో కట్టాల్సి వచ్చింది. 1951లో కమ్యూనిస్టు ప్రభుత్వం లీజియన్‌ను ప్రతీఘాత రహస్య సంస్థగా ప్రకటించి, సభ్యులు పేర్లు నమోదు చేయించుకుని రాజీనామా చెయ్యాలంది. ఒప్పుకోనివాళ్లు జైళ్లకు వెళ్లారు. అక్కడ సంఘాన్ని విస్తరించిన ఐరిష్ గురువు ఏడన్ మెక్‌గ్రాత్ 1951 నుంచి 1954 దాకా చెరలో గడిపాడు. కానీ పేరే అసలు నేరమని అనుకోవడం పొరపాటు. ప్రభుత్వాన్ని కలవరపెట్టింది ఆ పద్ధతే. విదేశీ గురువుల్ని పంపించేస్తే కూలిపోవాల్సిన విచారణలో, చిన్న చిన్న గుంపులు తమంతట తామే కూడి, పని పంచుకుని, మళ్లీ వారం లెక్క చెప్పుకుంటున్నాయి. అలాంటి అల్లిక ఏ ఏకపార్టీ రాజ్యానికీ రుచించదు.

ఇక పేదల పక్షం నుంచి వచ్చే విమర్శ మిగతావాటికన్నా బరువైనది. లీజియన్ చేతిపుస్తకం సభ్యులు డబ్బుగాని, వస్తువులుగాని పంచకూడదంటుంది. ఆకలితో ఉన్నవాడింటికి ఒట్టి చేతులతో వెళ్లి జపమాల గురించి మాట్లాడటమా? తెలుగునాట ఈ ప్రశ్న మరీ గుచ్చుకుంటుంది. ఇక్కడి మిషన్ చరిత్రలో కరువుకాలపు గంజికీ, బాప్తిస్మానికీ మధ్య సంబంధంపై చర్చ ఈనాటిది కాదు. అయితే సరిగ్గా ఆ చర్చ వల్లే నిషేధం వెనక తర్కం మనకు త్వరగా బోధపడాలి. ఇచ్చే చెయ్యిగా గడప తొక్కినవాడు ఇంటివాళ్ల నిజం వినలేడు. వాళ్లూ తేలిగ్గా పొమ్మనలేరు. వస్తువులిచ్చే సంఘాలు వేరే ఉండాలి, లీజియన్ వాళ్లకు కబురు చేరవేయాలి అన్నది ఏర్పాటు. అదీగాక డఫ్ బృందం పెద్ద సాయం అవసరమైనచోట నిషేధాన్ని సాకుగా వాడుకుని ఊరుకోలేదు. వ్యభిచార వృత్తి నుంచి బయటపడాలనుకున్న స్త్రీలకు 1922లో హార్కోర్ట్ వీధిలో సాంక్త మరియ హాస్టల్, ఇల్లులేని మగవాళ్లకు 1927లో మార్నింగ్ స్టార్, పెళ్లికాని తల్లులకు 1930లో రెజీనా చేలీ తెరిచారు. గూడు ఇవ్వడం వస్తువు పంచడం కిందికి రాదా అని ఎవరైనా అడిగితే జవాబు కాస్త తడబడుతుంది. ఆ తడబాటు మేలే చేసింది.

రెజీనా చేలీ దగ్గరే నా వాదనకు గట్టి బలమూ, దాని హద్దూ రెండూ దొరుకుతాయి. అప్పటి ఐర్లండ్‌లో పెళ్లికాని తల్లి నుంచి బిడ్డను విడదీసి దత్తతకో, వేరే ఇళ్లకో పంపడం రివాజు. ఇక్కడ తల్లి బయట పని చేసుకుని సాయంత్రం బిడ్డ దగ్గరికే తిరిగొచ్చేది. తల్లీబిడ్డల గృహాలపై ప్రభుత్వం వేసిన దర్యాప్తు సంఘం 2021 జనవరి నివేదికలో ఈ తేడాను నమోదు చేసింది. అదే నివేదిక తొలి దశాబ్దాల్లో అక్కడ పసిపిల్లల మరణాలు ఎక్కువగా ఉండేవనీ చూపింది. పాత పేదల శరణాలయపు కట్టడాలు, కిక్కిరిసిన గదులు, శిక్షణ లేని స్వచ్ఛంద సేవకులు. కన్యస్త్రీల మఠాలు స్త్రీలతో జీతం లేకుండా బట్టలుతికించిన మాగ్దలీన్ లాండ్రీలపై 2013 నాటి ప్రభుత్వ నివేదికలో, ఆడపిల్లల్ని అక్కడికి చేర్చిన దారుల్లో లీజియన్ సభ్యులూ ఉన్నారు. భక్తులు రాసిన చరిత్రల్లో ఈ పేజీలు పలచగా ఉంటాయి. వారంవారం నివేదిక ఎవరు వెళ్లారో, ఎంతసేపు ఉన్నారో నిక్కచ్చిగా అడుగుతుంది. వెళ్లి చేసినదానివల్ల ఆ తల్లికీ ఆ పసివాడికీ ఏమైందని అడిగే గడి అందులో లేదు. సభ్యుడి క్రమశిక్షణను కొలిచే సాధనంతో సేవ ఫలితాన్ని కొలవలేం. డాక్టరు, నర్సు, ప్రభుత్వ తనిఖీ చెయ్యాల్సిన పనిని మినిట్స్ పుస్తకం చెయ్యదు. డఫ్ పద్ధతిని మెచ్చేవాళ్లు ఈ మాట దాటవేయకూడదు.

అయితే ఈ లోపం చూపి పద్ధతినే కొట్టిపారేసేవాళ్లకు కొరియా అడ్డొస్తుంది. గురువులు రాకముందే, 1784 నుంచే, సామాన్య విశ్వాసులు సొంతంగా శ్రీసభను నిలబెట్టుకున్న దేశమది. యుద్ధం ఇంకా ముగియని 1953 మే నెలలో మోక్పో రేవులో అక్కడి మొదటి ప్రెసిడియం మొదలైంది. ఇవాళ లీజియన్ అతి బలంగా ఉన్న దేశాల్లో కొరియా ఒకటి. ఐర్లండ్ గుడులు పలచబడినా అక్కడి సమావేశాలు నిండుగా సాగుతున్నాయి. కొరియాలో ఐరిష్ మరియభక్తి నాటుకుందనడం కన్నా, గురువు లేకుండా కూడటం ముందే తెలిసిన జనానికి ఒక మంచి కార్యక్రమ పట్టిక దొరికిందనడం నిజానికి దగ్గర. మన గుంటూరు, విజయవాడ, ఏలూరు మేత్రాసనాల (డయోసీస్‌ల) పల్లెలకూ ఇది కొత్త కాదు. విచారణ గురువు పూజకు వచ్చేది ఎప్పుడో ఒకసారి. మిగతా రోజుల్లో ప్రార్థన చెప్పించేదీ, చావుకూ జబ్బుకూ ముందు పరిగెత్తేదీ ఉపదేశి. ఆ బరువు ఒక్కడి భుజం మీద, చాలాచోట్ల అరకొర జీతం మీద నడుస్తోంది. ప్రెసిడియం దాన్ని ఎనిమిదిమందికో పదిమందికో పంచుతుంది. ఆధ్యాత్మిక దర్శకుడిగా గురువు ఉండాలి గాని, ఆయన ఆ వారం రాలేకపోయినా సమావేశం వాయిదా పడదు. అధ్యక్షుడో అధ్యక్షురాలో జపమాల మొదలుపెట్టి, మినిట్స్ చదివించి, మొదటి జంటను నివేదిక అడుగుతారు.