మామిడి జాము, మోరస్ పంచదార

మొన్న ఆదివారం ఇంట్లో మామిడిపళ్ళ జాము చేశాను. అంటే అమ్మ ఫోన్లో చెప్తుంటే నేను గరిటె తిప్పాను, అంతే. కిలో బంగినపల్లి గుజ్జుకి ముప్పావుకిలో పంచదార, రెండు నిమ్మకాయల రసం, గడ్డకట్టడానికి కాస్త దోరకాయ తురుము. పంచదార చూసి మా ఆవిడ హడలిపోయింది.

కానీ జాములో అసలు పని చేసేది అదే. ఉడికి చిక్కబడేసరికి ఇంచుమించు మూడింట రెండొంతులు చక్కెరే. ఉన్న నీటినంతా అది పట్టేసుకుంటుంది, ఇక బూజుకి తాగడానికి చుక్క దొరకదు. అందుకే పంచదార ఖరీదుగా ఉన్నన్నాళ్ళూ ఇంగ్లండులో జాము డబ్బున్నవాళ్ళ తిండి. 1874లో అక్కడ పంచదార మీద సుంకం ఎత్తేశారు. జాము ఫ్యాక్టరీలు లేచాయి. వెన్న కొనలేని, వండుకునే తీరిక లేని మిల్లు కూలీలకి రొట్టె-జామే భోజనమైపోయింది.

ఇక్కడే నా బుర్రలో ఒక కథ తయారైంది. బానిసత్వం రద్దు చేశాక చెరకుతోటల్లో పనికి 1834 నుంచి మారిషస్ కి మనవాళ్ళని ఓడలెక్కించారు కదా. కాకినాడ పక్కన కోరంగి రేవు నుంచి తెలుగువాళ్ళు కూడా వెళ్ళారు. వాళ్ళ చెమట దొరగారి రొట్టె మీద జాము అయిందన్నమాట! టపా సగం రాసేశాను కూడా.

సోమవారం సీసా ఆఫీసుకి పట్టుకెళ్ళాను. మా టీములో గుజరాతీ అబ్బాయి ఒక చెంచా తిని "మోరస్ ఎక్కువైంది" అన్నాడు. మోరస్ ఏంటయ్యా అంటే, వాళ్ళింట్లో పంచదారని అలాగే అంటారట. మారిషస్ నుంచి వచ్చింది కాబట్టి మోరస్!

సరే, అప్పుడు తేదీలు సరిచూశాను. నా కథ పేలిపోయింది. 1874 నాటికి ఇంగ్లండుని ముంచెత్తుతున్నది యూరప్ బీటుదుంప పంచదార. అక్కడి ప్రభుత్వాలు ఎగుమతికి సబ్సిడీలిచ్చి మరీ చవగ్గా అమ్మించేవి. దాంతో మారిషస్ తోటల యజమానులు వేరే బజారు వెతుక్కున్నారు. ఏ దేశమంటారా? మన దేశమే. 19వ శతాబ్దం చివరికొచ్చేసరికి వాళ్ళ సరుకులో ఎక్కువ భాగం దిగింది మన రేవుల్లోనే. 1899లో కర్జన్ సర్కారు సబ్సిడీ పంచదార మీద ఇక్కడ అదనపు సుంకం వేసింది. పేరుకి దేశీ చక్కెరని కాపాడ్డానికే, లాభపడ్డవాళ్ళలో మారిషస్ తోటలవాళ్ళూ ఉన్నారు.

అంటే ఇక్కడ బతకలేక ఐదేళ్ళ అగ్రిమెంటు మీద వెళ్ళినవాళ్ళు అక్కడ చెరకు నరికితే, ఆ పంచదార ఓడెక్కి మళ్ళీ ఇక్కడికే వచ్చి అమ్ముడుపోయింది. దొరగారి రొట్టె కథే నయం, తిట్టుకోడానికి ఎవరో ఒకరు దొరికేవాళ్ళు.

అన్నట్టు, ఆ తోటల్లో ఒకరోజు పనికి రాకపోతే రెండ్రోజుల కూలీ కోసేవాళ్ళు. 'డబుల్ కట్' అనేవారు దాన్ని. లాస్ ఆఫ్ పే అని మనం గొణుక్కుంటాం గానీ, జబ్బుపడి ఓ నెల మంచమెక్కిన మనిషి ఇంకో నెల అప్పుపడే లెక్క అది.

సీసాలో ఇంకా సగం మిగిలింది. మోరస్ ఎక్కువైందన్నవాడే రోజూ తింటున్నాడు.