సొసైటీ పేరు మార్పు

లాభాపేక్ష లేకుండా నడిచే రిజిస్టర్డ్ సంఘం తన పేరును చట్టప్రకారం మార్చుకోవడాన్ని సొసైటీ పేరు మార్పు అంటారు. పేరు మారినా సంఘం మారదు. ఆస్తులు, అప్పులు, కోర్టులో ఉన్న వ్యాజ్యాలు ఎప్పటిలాగే కొనసాగుతాయి. ఈ సంగతిని చట్టంలోకి ఎక్కించడానికి మాత్రం చాలా కాలం పట్టింది.

మన సొసైటీలన్నిటికీ మూలం 1860 నాటి 21వ చట్టం. 1854లో ఇంగ్లండులో సాహిత్య, శాస్త్ర సంస్థల కోసం చేసిన చట్టం దీనికి నమూనా. ఏడుగురు కలిసి మెమొరాండం మీద సంతకం చేస్తే సంఘం రిజిస్టరవుతుంది. ఆ మెమొరాండంలో రాయాల్సిన వాటిలో మొదటిది పేరే. సంఘం తన ఆశయాన్ని మార్చుకోవాలంటే 12వ సెక్షన్ గట్టి కట్టుబాట్లే పెట్టింది. ప్రతిపాదనను రాతపూర్వకంగా సభ్యులకు పంపాలి, పది రోజుల ముందు ప్రత్యేక సమావేశానికి పిలవాలి, అయిదింట మూడు వంతుల ఓట్లు రావాలి. నెల తరవాత మరో సమావేశం పెట్టి, అంతే మెజారిటీతో మళ్లీ ఖాయం చేయాలి. పేరు మార్చుకునే దారి మాత్రం ఆ పాత చట్టంలో ఎక్కడా లేదు. ఆశయమే అసలు, పేరుదేముందిలే అనుకున్నారేమో!

రాజ్యాంగం సొసైటీలను రాష్ట్రాల జాబితాలో, 32వ అంశం కింద ఉంచింది. దాంతో కొన్ని రాష్ట్రాలు 12-ఎ అనే సెక్షన్ చేర్చి పేరు మార్పుకు దారి చూపాయి. (1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలోనూ ఒక 12-ఎ ఉండేది. రెంటినీ కలగలిపి తికమకపడే కార్యదర్శులకు కొదవ లేదు.) తెలుగు ప్రాంతాల్లో చాలాకాలం రెండు చట్టాలు నడిచాయి: ఆంధ్ర ప్రాంతంలో 1860 చట్టం, తెలంగాణలో ఫసలీ శకం 1350 నాటి హైదరాబాదు చట్టం. 2001లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ఈ రెంటినీ రద్దు చేసింది.

పేర్లు రాజకీయాలతో పాటు మారతాయి. 1943లో హైదరాబాదులో నిజాం రాష్ట్రాంధ్ర సారస్వత పరిషత్తు వెలిసింది. తెలుగు చదువుకు ఆదరణ కరువైన రోజులవి. నిజాం పాలన పోయాక పేరులోంచి ‘నిజాం రాష్ట్రం’ పోయింది, ఆంధ్ర సారస్వత పరిషత్తు మిగిలింది. తెలంగాణ ఏర్పడ్డాక అదే తెలంగాణ సారస్వత పరిషత్తు అయింది. మూడు పేర్లు, సంస్థ ఒక్కటే. పరిషత్తు ఉన్న బొగ్గులకుంటలో చిరునామా అడిగితే ‘సారస్వత పరిషత్తు’ అంటే చాలు, ముందున్న మాటతో పనిలేదు.

ఇక ఆచరణలో జరిగేది ఇది. సర్వసభ్య సమావేశంలో ప్రత్యేక తీర్మానం చేసి మినిట్స్ బుక్కులో ఎక్కిస్తారు. ఆ నకలుతో జిల్లా రిజిస్ట్రారుకు దరఖాస్తు పెడతారు. కొత్త పేరు ఇప్పటికే ఉన్న సంఘం పేరును పోలి ఉండకూడదు. 1950 నాటి చిహ్నాలు, పేర్ల చట్టం నిషేధించినవీ పనికిరావు. సర్టిఫికెట్టు చేతికొచ్చాకే అసలు తిరుగుడు మొదలవుతుంది: పాన్ కార్డు, బ్యాంకు ఖాతా, లెటర్‌హెడ్, రబ్బరు స్టాంపు. విదేశీ విరాళాల అనుమతి ఉన్న సంఘమైతే మార్పును 45 రోజుల్లో కేంద్ర హోం శాఖకు తెలియజేయాలి.

కొత్త సర్టిఫికెట్టు వచ్చింది కదా అని పాతదాన్ని పారేయకండి. సంఘం స్థలం దస్తావేజులో ఇంకా పాత పేరే ఉంటుంది.