మన సంఘం పాత కీబోర్డు: అమ్మేద్దామా, బాగుచేయిద్దామా?

పోస్టు కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి.

పోయిన ఆదివారం రిహార్సల్‌లో మన పెద్దాయన పాత కీబోర్డు మీద స రి గ మ ప వరకు చక్కగా పలికించారు. ద దగ్గరికి వచ్చేసరికి తాలింపులో ఆవాలు పేలినట్టు చిటపట. పిల్లలు నవ్వారు. "అమ్మేసి కొత్తది కొందాం అంకుల్" అన్నారు. కార్యవర్గంలో కూడా సగం మంది మాట అదే. అది తేల్చేముందు, ఈ పెట్టె ఏ వంశంలోదో మేము నాలుగు మాటలు చెప్పాలనుకున్నాం.

1954లో వచ్చిన హిందీ 'నాగిన్' సినిమా గుర్తుందా? అందులోని పాములవాడి బూర నిజం బూర కాదు. క్లావియోలిన్ అనే కరెంటు వాయిద్యం. హేమంత్ కుమార్ సంగీతంలో దాన్ని వాయించింది కల్యాణ్‌జీ. పెళ్ళి బారాత్‌లో ఆ ట్యూనుకి నాగిని డాన్స్ ఆడినవాళ్ళం మనం. అంటే ఈ జాతి వాయిద్యాలు మనకి పరాయివి కావు.

1964లో అమెరికాలో రాబర్ట్ మూగ్ తన సింథసైజర్ తయారుచేశాడు. అయిదేళ్ళకే, 1969లో, ఒకటి అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌కి వచ్చింది. డేవిడ్ ట్యూడర్ వచ్చి దాన్ని నిలబెట్టాడు. గీతా సారాభాయి, అతుల్ దేశాయి, ఎస్.సి. శర్మ వంటివాళ్ళు దాని మీద పనిచేశారు. కొన్నేళ్ళకే ఆ స్టూడియో మూతపడింది. టేపులు ఎవరికీ పట్టకుండా దశాబ్దాలపాటు అక్కడే ఉండిపోయాయి. పాల్ పర్గస్ అనే కళాకారుడు వాటిని వెలికితీశాక, 2023లో గానీ ఆల్బమ్‌గా లోకానికి వినపడలేదు.

బొంబాయిలో చరణ్‌జిత్ సింగ్ కథా అంతే. 1982లో రోలాండ్ వాయిద్యాల మీద పది రాగాలను డిస్కో తాళంలో వాయించి రికార్డు ఇచ్చారు. అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. 2010లో మళ్ళీ విడుదలైతే ప్రపంచం ముక్కున వేలేసుకుంది.

ఇక మన కోడంబాకం. సంగీత దర్శకుడు ఆర్.కె. శేఖర్ 1976లో పోయేనాటికి కొడుక్కి తొమ్మిదేళ్ళు. ఆయన వాయిద్యాలు అద్దెకిచ్చి ఆ కుటుంబం ఇల్లు నడుపుకుంది. ఆ కుర్రాడే తర్వాత మన రాజ్-కోటిల దగ్గర కీబోర్డు వాయించాడు. ఆయనే ఎ.ఆర్. రెహమాన్.

మన పెట్టె రోలాండ్ జూనో-106. 1984 మోడల్. పెద్దాయన మద్రాసులో సెకండ్‌హ్యాండ్‌లో కొని, పెళ్ళి ఆర్కెస్ట్రాల్లో ఏళ్ళతరబడి వాయించి, చివరికి సంఘానికి ఇచ్చారు. ఇందులో దాచిపెట్టిన రికార్డింగులేవీ ఉండవు. మెట్టు నొక్కినప్పుడల్లా సర్క్యూట్లలో శబ్దం అప్పటికప్పుడు పుడుతుంది. కుడిచేత్తో వాయిస్తూ ఎడమచేత్తో మీట వంచితే గమకం వస్తుంది. హార్మోనియం మీద ఆ జారుడు రాదు. స్లైడర్ కొద్దిగా జరిపితే అదే స్వరం గొంతు మార్చుకుంటుంది. ఆ ఆనందం వాయించినవాళ్ళకే తెలుసు.

మరి బాధలు? ఒకేసారి ఆరు స్వరాలు పలికించడానికి లోపల ఆరు చిప్పులున్నాయి. వాటి మీద పోసిన రెజిన్ పూత వయసు మీరేకొద్దీ కరెంటును పక్కకి లాగుతుంది. చిప్పులు వంతులవారీగా పలుకుతాయి కాబట్టి ఒకటి చెడితే ప్రతి ఆరో స్వరం చిటపట. అదీ మన ద సంగతి! ఆ చిప్పును ఊడదీసి, అసిటోన్‌లో నానబెట్టి పూత ఒలిస్తే చాలాసార్లు బతుకుతుంది. లేదంటే ఆ స్థానంలో పెట్టడానికి కొత్తగా చేసిన చిప్పులు దొరుకుతున్నాయి. టోన్లను గుర్తుపెట్టుకునే బటన్ సెల్ అయిపోతే 128 టోన్లూ మాయం. హోసూరు రోడ్డు దుమ్ము స్లైడర్లలో చేరి గరగర. పైగా వెనక రాసి ఉన్నది 100 వోల్టులు, మన గోడ ప్లగ్గులో 230. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ఎవరైనా తొందరపడి పెట్టారో, కథ కంచికే.

మొదట చూపించినచోట మూత కూడా తీయకుండా "పాత సామాను సార్" అన్నారు. తర్వాత ఎస్.పి. రోడ్డులో వాకబు చేస్తే, ఓపికున్న మెకానిక్ ఒకాయన దొరికారు. చేస్తానన్నారు.

మా భయం చిప్పు గురించి కాదు. అహ్మదాబాద్ స్టూడియో మూతపడినా టేపులు మిగిలాయి. మన పెద్దాయన వాయించింది ఎవరూ రికార్డు చెయ్యలేదు. ఏ టోను ఎలా కట్టాలో ఆయన చేతులకే తెలుసు. ఆయనకి డెబ్భై ఆరేళ్ళు.

అందుకని మా విన్నపం రెండు ముక్కల్లో. ఒకటి, బాగుచేయించడానికి కార్యవర్గం ఒప్పుకోవాలి. రెండు, ఇద్దరు పిల్లలు ఆయన పక్కన కూర్చుని నేర్చుకోవాలి, ఒకరు ఫోన్లో రికార్డు చెయ్యాలి. ఎవరూ ముందుకి రాకపోతే అమ్మేద్దామన్న మాటకి మేమూ అడ్డుచెప్పం.

వచ్చే ఆదివారం సాయంత్రం అయిదింటికి రండి. ద ఇంకా చిటపటలాడుతూనే ఉంటుంది. అయినా వినండి.