మోకే ఆధారం.. తాడెక్కితేనే జీవనం
గీత కార్మికుని దినచర్య, పనిముట్లు, ప్రమాదాలు, రక్షణ

నల్గొండ: ‘తాటిచెట్టు ఎక్కేవాణ్ని ఎంతవరకు ఎగదోయగలం’ అన్నది పాత సామెత. చేయి అందినంత వరకే ఇతరుల సాయం. ఆపై ఎక్కేవాని సత్తువే వానికి దిక్కు. గీత కార్మికుల విషయంలో ఈ మాట అక్షర సత్యం. నలభై నుంచి అరవై అడుగుల ఎత్తున, ఒక్క తాడును నమ్ముకొని, ప్రతిదినం అనేక పర్యాయాలు చెట్టెక్కి దిగడమే వారి జీవనోపాధి. వారి రక్షణకు తెలంగాణ ప్రభుత్వం 2024లో ప్రత్యేక కిట్ల పంపిణీని ప్రారంభించింది. అయినప్పటికీ తాతల నాటి మోకును అంత సులువుగా విడిచిపెట్టలేని పరిస్థితి కార్మికులది. దీనికి కారణం తెలియాలంటే ముందు వారి పని తీరు తెలియాలి.

తెల్లవారకముందే వనానికి..

గీత కార్మికుని దినచర్య వేకువనే మొదలవుతుంది. రాత్రంతా కుండలోకి చేరిన కల్లును ఎండ ముదరకముందే దింపుకోవాలి. వేడి పెరిగినకొద్దీ కల్లు త్వరగా పులుస్తుంది. వాడుకగా వచ్చేవారు సైతం పొద్దున్నే వనానికి చేరుకుంటారు. ఉదయం కల్లు దింపి, గెలను మళ్లీ గీసి, కుండ కట్టి దిగిన కార్మికుడు సాయంత్రం అవే చెట్లను తిరిగి ఎక్కుతాడు. పారకం బాగా ఉన్న రోజుల్లో మధ్యాహ్నం కూడా ఎక్కవలసి వస్తుంది. ఒక్కపూట గీత తప్పినా గెల కొన ఎండి పారకం తగ్గిపోతుంది. కాబట్టి జ్వరం వచ్చినా, ఇంట శుభకార్యం ఉన్నా చెట్టుకు సెలవు ఉండదు. తాను వెళ్లలేని నాడు మరొకరిని బతిమాలి పంపవలసిందే.

పనిముట్లు ఇవీ..

చెట్టుకు, నడుముకు కలిపి చుట్టుకునే బలమైన తాడును మోకు అంటారు. నడుముకు కట్టుకొని కత్తులు, లొట్టి తగిలించుకునేది ముత్తాదు. పాదాలకు పట్టు దొరికేందుకు వేసుకునే బందం గుజి. గీత కత్తి పదును తగ్గితే గెల చిట్లుతుంది గనుక ప్రతిదినం నూరుకోవడం తప్పనిసరి. చెట్టెక్కే ముందు కులదైవమైన కాటమయ్యను తలచుకోవడం గౌడ కుటుంబాల్లో తరతరాల ఆచారం. కంఠమహేశ్వరస్వామిగా కొలిచే దైవం ఈయనే.

గీత ఒక విద్య

తాటిచెట్టు పూతకు రావడానికి సుమారు పన్నెండు నుంచి పదిహేనేళ్లు పడుతుంది. అది పోతుతాడో, పండుతాడో అప్పుడే తెలుస్తుంది. గెల లేతగా ఉండగానే దానిని మెల్లగా నొక్కి, మెత్తబరచి, కట్టు కట్టి, కొనను పలుచగా గీస్తూ పోతే కొన్ని దినాలకు రసం చుక్కలు చుక్కలుగా జారడం మొదలవుతుంది. ఆపై పూట పూటకు పలుచని పొర మాత్రమే తీయాలి. మందంగా కోస్తే గెల త్వరగా అయిపోయి, ఆ చెట్టుపై రాబడి అంతటితో ఆగిపోతుంది.

ఈతచెట్టు గీత వేరు. ఇక్కడ గెలను కాక, మొవ్వు కింద కాండాన్ని ఒక పక్క చెక్కి గాటు పెడతారు. మరుసటి ఏడు ఎదుటి పక్కకు మారతారు. ఏళ్ల తరబడి గీసిన ఈతచెట్టు కాండం మెట్లు మెట్లుగా వంకర తిరిగి కనిపించడానికి కారణం ఇదే. గాటు లోతు మించితే చెట్టు చచ్చిపోతుంది. ఈతకల్లు ప్రధానంగా చలికాలంలోను, తాటికల్లు చలికాలం చివర నుంచి ఎండాకాలంలోను లభిస్తాయి.

కుండ లోపల సున్నం పూసి, చల్లని వేళ సేకరించి, పులియకుండా కాపాడిన తీపి రసమే నీరా. సున్నం లేని కుండలో గాలిలోని, కుండలోని సూక్ష్మజీవుల వల్ల కొద్ది గంటల్లోనే రసం పులిసి కల్లుగా మారుతుంది.

ప్రమాదం ఎక్కడ పొంచి ఉంది?

మోకు పనిచేసే తీరులోనే ప్రమాదం దాగి ఉంది. కార్మికుడు వెనక్కు వాలినప్పుడు మోకు బిగుసుకొని బరువు మోస్తుంది. దానిని పైకి జరపాలంటే చెట్టును కావలించుకొని, ముందుకు ఒరిగి, తాడును వదులు చేయాలి. ఆ ఒక్క క్షణం శరీర భారమంతా పాదాల పట్టు మీదే నిలుస్తుంది. ఒక్కో జరుపులో రెండడుగుల చొప్పున లెక్కించినా, యాభై అడుగుల చెట్టుకు ఇరవై ఐదు పర్యాయాలు మోకు వదులవుతుంది. పది చెట్లు, రెండు పూటలు అనుకుంటే ఎక్కేటప్పుడే ఐదు వందల పర్యాయాలు. దిగేటప్పుడు మరో ఐదు వందలు. నేర్పు ఎంత ఉన్నా, వెయ్యిలో ఒక్కసారి కాలు జారితే చాలు.

దీనికి ఇతర కారణాలు తోడవుతాయి. మంచుకు, వానకు తడిసిన కాండం జారుతుంది. మొవ్వులో ఆధారంగా పట్టుకున్న ఎండు మట్ట ఊడి రావచ్చు. కందిరీగలు ముసిరినా, మట్టల మధ్య పాము కనిపించినా చేతులు వదలకుండా ఓర్చుకోవలసిందే. దిగేటప్పుడు లొట్టిలోని కల్లు బరువు నడుమును కిందికి లాగుతుంది. తాడు అరిగిపోయిన సంగతిని అలవాటులో పడి గమనించకపోవడం మరో ప్రమాదం.

చెట్లు పొలం గట్ల వెంట, వాగుల ఒడ్డున దూరదూరంగా ఉంటాయి. కార్మికుడు సాధారణంగా ఒంటరిగానే వెళతాడు. పడిపోయినా చూసేవారుండరు. వేళకు ఇల్లు చేరలేదని కుటుంబసభ్యులు వెతుక్కుంటూ వెళ్లినప్పుడే సంగతి బయటపడే సందర్భాలు ఉంటాయి.

కిట్ వచ్చింది.. వేగం తగ్గింది

రంగారెడ్డి జిల్లా అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడలో 2024 జులై 14న ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి ‘కాటమయ్య రక్ష’ కిట్ల పంపిణీని ప్రారంభించారు. పర్వతారోహకులు వాడే పరికరాల తరహాలో తాళ్లు, పట్టీలు, కొక్కేలతో దీనిని రూపొందించారు. కాలు జారినప్పుడు దేహభారం పట్టీలపై పడి, కార్మికుడు నేలకు పడిపోకుండా చెట్టుకే వేలాడి నిలవడం దీని ఉద్దేశం. మోకులో లేనిది, ప్రాణాన్ని నిలిపేది ఇదే.

అయితే చిక్కంతా సమయంతోనే. కొత్త పరికరం చేతికి అలవడేవరకు ఎక్కే వేగం తగ్గక తప్పదు. ఒక్కో ఎక్కుకు ఐదు నిమిషాలు అధికంగా పట్టినా, ఇరవై ఎక్కులకు నూరు నిమిషాలు అవుతాయి. వేకువన ఆ నూరు నిమిషాల్లో ఎండ ఎక్కుతుంది, కల్లు పులుస్తుంది, వచ్చినవారు వెళ్లిపోతారు. జారిపడడం ఎప్పుడో ఒకనాటి మాట. రాబడి తగ్గడం మాత్రం ప్రతిదినపు మాట. ‘ఈ ఒక్క చెట్టుకే కదా’ అని కిట్‌ను కింద పెట్టి మోకుతో ఎక్కాలనిపించేది ఇందువల్లనే. అందుచేత కిట్ చేతికి ఇవ్వడంతో పని పూర్తికాదు. సొంత చెట్టుపై, సొంత వేగం వచ్చేవరకు సాధన చేయించడం అవసరం. గీత సీజన్ మొదలు కాకముందే ఈ శిక్షణ ఇస్తే ఉపాధికి ఆటంకం ఉండదు.

పడిపోయిన వ్యక్తిని ఎలా తరలించాలి?

ఎత్తు నుంచి పడినప్పుడు వెన్నెముక, తుంటి, మెడ దెబ్బతినే అవకాశం అధికం. కంగారులో కాళ్లు, చేతులు పట్టి ఎత్తడం, కూర్చోబెట్టడం, ద్విచక్ర వాహనంపై తీసుకువెళ్లడం ప్రమాదకరం. అలా కదిలిస్తే వెన్నుపాము దెబ్బతిని నడుము కింది భాగం చచ్చుబడవచ్చు. వెంటనే 108కు ఫోన్ చేయాలి. తల, మెడ కదలకుండా చూడాలి. రక్తస్రావం ఉంటే శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టాలి. తప్పనిసరిగా తరలించవలసి వస్తే నలుగురు కలిసి, శరీరం వంగకుండా, చెక్కబల్లపైకి చేర్చాలి. నీళ్లు, కల్లు తాగించరాదు.

చెట్టుపై నుంచి పడి మరణించిన గీత కార్మికుని కుటుంబానికి తెలంగాణలో రూ.5 లక్షల ఎక్స్‌గ్రేషియా ఉన్నది. ప్రమాద సమాచారాన్ని పోలీసులకు, ఎక్సైజ్ అధికారులకు వెంటనే తెలియజేయడం, వైద్య పత్రాలను భద్రపరచుకోవడం ఉత్తమం. సహకార సంఘంలో గాని, చెట్టుపై గీత హక్కు పొందే టీఎఫ్‌టీ పథకంలో గాని నమోదైన పత్రాలను ఇంట్లో అందరికీ తెలిసిన చోట ఉంచాలి.

కార్మికులు పాటించవలసినవి

* మోకును, కిట్ తాళ్లను ప్రతిదినం ఎక్కే ముందు పరిశీలించాలి. పీచు లేచిన తాడును వాడరాదు.
* వాన వెలిసిన వెంటనే, ఉరుములు మెరుపులు ఉన్నప్పుడు చెట్టెక్కరాదు.
* విద్యుత్తు తీగలు ఆనుకొని ఉన్న చెట్టును విడిచిపెట్టాలి.
* ఏ వైపు చెట్లకు వెళుతున్నదీ, ఎప్పటికి తిరిగివచ్చేదీ ఇంట్లో చెప్పి వెళ్లాలి. సెల్‌ఫోన్ వెంట ఉంచుకోవాలి.
* మద్యం తీసుకొని చెట్టెక్కరాదు.
* ఎండు మట్టలను పట్టుకునే ముందు కత్తితో తట్టి చూడాలి.
* కిట్ అందినవారు తొలి దినాల్లో తక్కువ ఎత్తున్న చెట్లపై సాధన చేసి, ఆపై పొడవాటి చెట్లకు వెళ్లాలి.