పుస్తకం దాచిన తమ్ముడు: ‘లిటిల్ హౌస్’ అనుసరణపై పునర్విచారం

‘లిటిల్ హౌస్ ఆన్ ది ప్రైరీ’ సీరియల్ మీద వచ్చిన విమర్శలో నన్ను చాలాకాలంగా నొప్పిస్తున్న మాట ఒకటుంది: ఆ సీరియల్‌ను నడిపించిన మైఖేల్ లాండన్, మూల పుస్తకాలు రాసిన లారా ఇంగల్స్ వైల్డర్‌కు ద్రోహం చేశాడన్నది. ఈ వాదం సీరియల్ లోపలే పుట్టింది. నిర్మాత ఎడ్ ఫ్రెండ్లీ పుస్తకాల్లో ఉన్నది ఉన్నట్టే తీయాలని పట్టుబట్టి, లాండన్‌తో పొసగక తప్పుకున్నాడు. ఆయన ఫిర్యాదును తరవాతి విమర్శకులు సిద్ధాంతంగా మార్చారు. మిన్నెసోటాలోని ప్లమ్ క్రీక్ ఒడ్డును తొలిచి కట్టిన మట్టింట్లో ఉండవలసిన కుటుంబం తెర మీద చెక్క ఇంట్లో ఉంది. వట్టికాళ్లతో తిరగవలసిన పిల్లలు బూట్లు తొడుక్కున్నారు. నిజమే. కానీ ఇళ్లూ బూట్లూ లెక్కబెట్టి అనుసరణను తూచడం ఏం పద్ధతి? తిక్కన వ్యాసుణ్ణి వదిలి నడిచిన చోట్లను ఔచిత్యమని మెచ్చుకుంటూ పెరిగినవాళ్లం మనం.

ఫ్రెండ్లీ వాదంలో అసలు లోపం వేరే ఉంది. మూలమంటే పుస్తకమే అనుకున్నాడాయన. ఆ పుస్తకం దేన్ని వదిలేసిందో చూడలేదు.

‘ఆన్ ది బ్యాంక్స్ ఆఫ్ ప్లమ్ క్రీక్’ (1937), ‘బై ది షోర్స్ ఆఫ్ సిల్వర్ లేక్’ (1939) ఒకదాని వెంట ఒకటి చదివితే మధ్యలో కొన్నేళ్లు మాయమవుతాయి. ఆ ఏళ్లలోనే లారాకు తమ్ముడు పుట్టాడు. తండ్రి పేరే పెట్టారు: చార్లెస్ ఫ్రెడరిక్. 1875 నవంబరులో పుట్టి, 1876 ఆగస్టులో, తొమ్మిది నెలలకే పోయాడు. ఆ తరవాత కుటుంబం అయోవాలోని బర్ ఓక్‌కు వెళ్లి హోటల్లో పనిచేసింది. 1930లో రాసి, 2014 దాకా అచ్చుకు రాని ‘పయొనీర్ గర్ల్’ ఆత్మకథలో ఈ పసివాడున్నాడు. పిల్లల నవలల్లో లేడు.

ఇక ఆ ఇంటి కుక్క జాక్ సంగతి. ఆత్మకథ ప్రకారం ఆ కుక్కను తండ్రి ఎప్పుడో గుర్రాలతోపాటు మారకానికి ఇచ్చేశాడు. ‘సిల్వర్ లేక్’లో మాత్రం జాక్ ముసలిదై ఇంట్లోనే ఉంది. రాత్రి లారా దాని పడక గడ్డిని కదిపి మెత్తగా చేస్తుంది. అది మూడుసార్లు చుట్టూ తిరిగి పడుకుంటుంది. తెల్లారేసరికి బిగుసుకుపోయి ఉంటుంది. ఎవరికో ఇచ్చేసిన కుక్కకు చావును కల్పించి, నిజంగా చనిపోయిన తమ్ముణ్ణి చెరిపేశారు. తమ్ముడి కోసం ఏడవలేని ఏడుపును కుక్క కోసం ఏడ్చారని నా నిశ్చయం. వాళ్లెందుకు రాయలేకపోయారో ఊహించడం కష్టం కాదు: రాతప్రతిని కలిసి దిద్దిన తల్లీకూతుళ్లిద్దరికీ గర్భశోకం ఉంది. 1889లో లారాకు పుట్టిన కొడుకు పేరు పెట్టకముందే పోయాడు. కూతురు రోజ్ వైల్డర్ లేన్ కూడా పురిటిలోనే కొడుకును పోగొట్టుకుంది. పిల్లల పుస్తకం గనక చావు వద్దనుకున్నారని అనవచ్చుగాని, జాక్ చనిపోయింది పిల్లల పుస్తకంలోనే కదా.

1974 డిసెంబరులో ఎన్‌బీసీలో ఈ సీరియల్ భాగం ‘ది లార్డ్ ఈజ్ మై షెపర్డ్’ వచ్చింది. ఇంట్లో మగబిడ్డ. నాన్న మనసంతా వాడి మీదే ఉందని లారాకు ఉక్రోషం. వాడికి జబ్బు చేస్తే ప్రార్థన చెయ్యనని మొండికేస్తుంది. వాడు పోతాడు. తన వల్లే పోయాడని, తనను తీసుకుని వాణ్ణి ఇచ్చెయ్యమని దేవుణ్ణి అడగడానికి ఒంటరిగా కొండెక్కుతుంది. అక్కడ ఎర్నెస్ట్ బోర్గ్‌నైన్ పోషించిన జోనథన్ అనే పెద్దాయన ఎదురవుతాడు. మిన్నెసోటా మైదానంలో కొండెక్కడిదని ఫ్రెండ్లీ పక్షంవారు అడుగుతారు. లేదు, అది కాలిఫోర్నియా కొండ. లారాగా నటించిన మెలిస్సా గిల్బర్ట్ ముఖంలోని ఆ దుఃఖం మాత్రం ఏ నవలలోనూ లేని, ఆ కుటుంబం నిజంగా మోసిన బరువు.

అందుకే లాండన్ పుస్తకాన్ని అతిక్రమించి జీవితానికి విధేయుడయ్యాడంటాను. ఇంకొక అడుగు ముందుకు వేస్తాను: ఇంటిల్లిపాదీ కలిసి చూసే సీరియల్ అనే ప్రక్రియే, ఒంటరి చదువు దాచుకున్న దుఃఖాన్ని నలుగురి మధ్యకు తీసుకురాగలదు. అంతకు ముప్పై ఏడేళ్ల ముందు ‘ప్లమ్ క్రీక్’ ముగిసిన చోట వినబడకుండా పోయిన పసివాడి ఏడుపు ఆ డిసెంబరు రాత్రి అమెరికా ఇళ్లలో వినిపించింది.