ఇంట్లో రత్నాలు, ఖనిజాల పరీక్ష

చేతికి దొరికిన రాయి ఏ ఖనిజమో, డబ్బు పోసి కొన్న రత్నం దుకాణదారు చెప్పిన రకమేనో ప్రయోగశాలకు వెళ్లకుండా కొంతవరకు తేల్చుకునే పద్ధతులివి. సాంద్రత, కాఠిన్యం, గీటు రంగు, ఆమ్లం తగిలితే పొంగడం, అయస్కాంతానికి లాగడం, పగిలే తీరు వీటికి ఆధారం. ‘ఇది ఫలానా రాయి కాదు’ అని ఈ పరీక్షలు గట్టిగా చెప్పగలవు. ‘ఫలానా రాయే’ అని చెప్పాల్సి వచ్చినప్పుడు మాత్రం చాలాసార్లు మధ్యలో ఆగిపోతాయి. అందువల్ల రెండు మూడు పరీక్షలు ఒకే మాట చెబితే తప్ప నమ్మకూడదు. రాయికి హాని చేయనివి ముందు, గీతలు పెట్టేవి చివర చేయాలి.

ముందు రాయిని కడిగి, తుడిచి, పదింతలు పెద్దగా చూపే భూతద్దంతో వెలుతురులో తిప్పి తిప్పి చూడాలి. గుండ్రటి గాలి బుడగలు కనిపిస్తే అది దాదాపు గాజే. సానపట్టిన రాయి అంచులు అరిగి మొద్దుబారి ఉంటే అది కెంపో నీలమో అయ్యే అవకాశం తక్కువ. గాజు ఒంటికి తగిలితే కాస్త వెచ్చగా, స్ఫటికం చల్లగా అనిపిస్తుంది. ముత్యాన్ని పంటి అంచుకు మెల్లగా రాస్తే, గాజుపూసకు పూత పూసిందైతే నున్నగా జారుతుంది. అసలుదైతే సన్నని ఇసుక తగిలినట్టు ఉంటుంది. పెంపకం ముత్యమైనా, సముద్రంలో దానంతటదే పుట్టినదైనా పంటికి ఒకేలా తగులుతాయి. రెంటిపైనా ఉన్నది ఒకే పదార్థం మరి.

నీటిలో తూచడం

ఇంటి పరీక్షల్లో అన్నింటికన్నా నమ్మదగినది, జనం అతి తక్కువగా వాడేది ఇదే. రాయికి చిన్న గీత కూడా పడదు. కావలసినవి గ్రాములో వందో వంతు చూపే చిన్న డిజిటల్ కాటా, ప్లాస్టిక్ గిన్నె, కుట్టుదారం.

ముందు పొడి రాయిని తూచి బరువు రాసుకోవాలి. తర్వాత నీళ్ల గిన్నెను కాటా మీద పెట్టి అంకెను సున్నాకు తేవాలి. రాయిని దారానికి కట్టి, అడుగుకూ అంచుకూ తగలకుండా నీటిలో పూర్తిగా మునిగేలా చేత్తో పట్టుకోవాలి. అప్పుడు కాటా చూపే అంకె రాయి పక్కకు తోసిన నీటి బరువు. పొడి బరువును ఆ అంకెతో భాగిస్తే సాపేక్ష సాంద్రత వస్తుంది. రాయికి బుడగలు అంటుకుంటే లెక్క తప్పుతుంది కనుక కాచి చల్లార్చిన నీళ్లు వాడి, అందులో ఒక చుక్క గిన్నెలు తోమే సబ్బునీరు కలపాలి.

కనక పుష్యరాగం అని చెప్పి అమ్మిన 2.00 గ్రాముల పసుపు రాయి ఉందనుకుందాం. కనక పుష్యరాగం కూడా కెంపు, నీలాల్లాగే కురువిందం జాతిది, సాంద్రత 4.0. కాబట్టి కాటా 0.50 చూపాలి. 0.75 చూపిందంటే సాంద్రత 2.65కు దగ్గర, అది సిట్రిన్ అనే పసుపు స్ఫటికం కావచ్చు. 0.57 చూపితే 3.5 దగ్గరికి వస్తుంది, అంటే టోపాజ్ కావచ్చు. ఈ మూడింటి ధరల్లో ఉన్న తేడా తెలిసినవారికి ఈ పది నిమిషాల పని విలువ వేరే చెప్పక్కర్లేదు.

పద్ధతికి హద్దులూ ఉన్నాయి. బంగారంలో పొదిగిన రాయిని ఇలా తూచలేం. రాయి అర గ్రాముకన్నా తక్కువుంటే కాటా చేసే చిన్న పొరపాటే ఫలితాన్ని తారుమారు చేస్తుంది. వజ్రం సాంద్రత 3.52, టోపాజ్‌దీ ఇంచుమించు అంతే కనుక ఆ రెంటినీ నీరు విడదీయలేదు. వజ్రానికి బదులు అమ్మే క్యూబిక్ జిర్కోనియా మాత్రం 5.6కు పైనే ఉండి వెంటనే దొరికిపోతుంది.

కాఠిన్యం, సుత్తిదెబ్బ

1812లో ఫ్రెడరిక్ మోస్ అనే జర్మన్ ఖనిజ శాస్త్రవేత్త పది ఖనిజాలను మెత్తనిదాని నుంచి గట్టిదాకా వరుసపెట్టాడు. టాల్క్ 1, జిప్సం 2, కాల్సైట్ 3, స్ఫటికం 7, టోపాజ్ 8, కురువిందం 9, వజ్రం 10. పై అంకె రాయి కింది అంకె రాయిని గీస్తుంది. ఇంట్లో ఉన్నవాటిలో గోరు సుమారు 2.5, రాగి 3, కిటికీ గాజు, చాకు 5.5 దగ్గర ఉంటాయి. బలపపు రాయి గోటికే గీసుకుపోతుంది. పలుగురాయి స్ఫటికమే కనుక గాజును గీస్తుంది.

గందరగోళమంతా ఇక్కడే. తొలకరి వానలు పడ్డాక కర్నూలు, అనంతపురం ప్రాంతాల్లో జొన్నగిరి, తుగ్గలి, వజ్రకరూరు చుట్టుపక్కల చేలల్లో జనం వజ్రాల కోసం వెతుకుతారు. మెరిసే రాయి గాజును గీసిందని అది వజ్రమైపోదు. చేలల్లో విరివిగా దొరికే పలుగురాయి కూడా అంతే సులువుగా గీస్తుంది. గాజు మీద పడినది గీతా, రాయి రాల్చిన పొడా అన్నదీ తడివేలితో తుడిచి, గోటితో తడిమి చూడాలి. సానపట్టిన రత్నాన్ని మాత్రం దేనితోనూ గీయకూడదు.

వజ్రాన్ని సుత్తితో కొట్టినా పగలదన్న నమ్మకం మరీ ప్రమాదం. మొదటి శతాబ్దంలో రోమన్ రచయిత ప్లినీ కూడా ఇదే రాశాడు. గీతకు లొంగకపోవడం వేరు, దెబ్బకు నిలవడం వేరు. వజ్రానికి నాలుగు దిశల్లో చీలే గుణం ఉంది. ఆ దిశలో దెబ్బ పడితే నిజమైన వజ్రమే ముక్కలవుతుంది, పరీక్షించినవాడు దాన్ని నకిలీ అనుకుని పారేస్తాడు.

గీటు, ఆమ్లం, అయస్కాంతం

మెరుగు లేని పింగాణీ పలక మీద, అంటే టైల్ వెనకవైపు, ఖనిజాన్ని రుద్దితే పడే పొడి రంగును గీటు రంగు అంటారు. పైకి నల్లగా మెరిసే హెమటైట్ ఇనుప ఖనిజం ఎర్రటి గీటు ఇస్తుంది, మాగ్నటైట్‌ది నలుపు. బంగారంలా కనిపించే పైరైట్ గీటు పచ్చ కలిసిన నలుపు, బంగారానిది పసుపే. రత్నాల విషయంలో దీనివల్ల ప్రయోజనం లేదు. చాలావాటి గీటు తెలుపే, పైగా గట్టివి పలకనే గీసేస్తాయి.

సున్నపురాయి మీద చుక్క వెనిగర్ వేస్తే సన్నగా నురగ వస్తుంది. డోలమైట్ అయితే పొడి చేశాకే, అదీ నెమ్మదిగా. మంగంపేట ముగ్గురాయి అసలు పొంగదు, కానీ చేతిలో పెట్టుకోగానే బరువు తెలిసిపోతుంది, సాంద్రత 4.5. ముత్యం, పగడం రెండూ కాల్షియం కార్బొనేటే కాబట్టి వాటిని నిమ్మరసానికి, వెనిగర్‌కు దూరంగా ఉంచాలి.

ఎర్రరాళ్లకు అయస్కాంతం మంచి సాధనం. ఆల్మండైన్ గార్నెట్ సాంద్రత 4.0కు దగ్గరగా ఉండటంతో తూకంలో కెంపులా కనిపించవచ్చు. రాయిని థర్మోకోల్ ముక్క మీద పెట్టి నీటిలో తేలనిచ్చి, బలమైన నియోడిమియం అయస్కాంతాన్ని తాకీ తాకనట్టు దగ్గరికి తేవాలి. గార్నెట్‌లో ఇనుముంది కనుక ముక్క మెల్లగా కదిలి అయస్కాంతం వైపు వస్తుంది. కెంపు కదలదు. కెంపును పాలలో వేస్తే పాలు ఎర్రబడతాయన్నది మాత్రం పరీక్ష కాదు. ఎర్రటి రాయి ఏదైనా పాలకు తన ఛాయనిస్తుంది.

తెలియని ఖనిజాన్ని నాలుకతో రుచి చూడకూడదు, కొన్నింటిలో సీసం, పాదరసం ఉంటాయి. నారలుగా విడే రాయి ఆస్‌బెస్టాస్ కావచ్చు కనుక దాన్ని నూరకూడదు.

ఇంటి పరీక్ష ఆగేచోటు

ఆగస్ట్ వెర్నోయ్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త 1902లో మంటలో కెంపును పెంచే పద్ధతిని ప్రకటించాడు. అలా తయారైన కెంపు సాంద్రత, కాఠిన్యం, రసాయన నిర్మాణం గనిలోదానివే. కాటాకు, అయస్కాంతానికి రెండూ ఒకటే. లోపల వంపు తిరిగిన సన్నని చారలను సూక్ష్మదర్శినిలో చూడగలిగినవారే తేడా పట్టుకుంటారు. పగుళ్లలో సీసపు గాజు నింపిన కెంపులు, నూనె పట్టించిన పచ్చలు కూడా ఇంట్లో తేలేవి కావు. ఖరీదైన రాయిని జైపూర్‌లోనో ముంబైలోనో ఉన్న రత్న పరీక్షా కేంద్రానికి పంపేటప్పుడు, రాయి పేరుతో సరిపెట్టకుండా అది సహజమా కృత్రిమమా, వేడి చేశారా, ఏమైనా నింపారా అన్నది నివేదికలో రాయమని అడగాలి.