‘మీట్’ అనే మాట, ‘అన్నం’ అనే మాట

1611లో వెలువడిన ఇంగ్లీషు బైబిలులో, లేవీయకాండం రెండవ అధ్యాయం ‘మీట్ ఆఫరింగ్’ అనే ఒక అర్పణను వర్ణిస్తుంది. దానికి కావలసినవి గోధుమపిండి, నూనె, సాంబ్రాణి. మాంసం ప్రసక్తే లేదు. నేటి ఇంగ్లీషు మాత్రమే ఎరిగినవాడు దీనిని ‘మాంసార్పణం’ అని తెనిగిస్తే పిండివంట కాస్తా కసాయిమొద్దు ఎక్కుతుంది. తెలుగు బైబిలులో దీనికి ‘నైవేద్యము’ అని ఉన్నది. ఇంతకన్న తగిన మాట నాకు తోచదు. ఇంగ్లీషువారు 1885 నాటి సవరించిన ప్రతిలో గాని దీనిని ‘మీల్ ఆఫరింగ్’గా దిద్దుకోలేదు.

ప్రాచీనాంగ్లంలో ‘మెటె’ అంటే ఆహారం. మాంసానికి ‘ఫ్లెష్’ అనే వేరు మాట ఉండేది. అందుకే ఆ బైబిలులో యోహానుకు మిడతలూ అడవితేనే ‘మీట్’. క్రమంగా ‘ఫుడ్’ ఆహారమంతటినీ ఆక్రమించుకున్నది. ‘మీట్’ మాంసానికి కుదించుకున్నది. ‘ఫ్లెష్’ ఎక్కువగా సజీవదేహానికి మిగిలింది. పాత అర్థం ‘స్వీట్‌మీట్’లో మాత్రం చెక్కుచెదరలేదు. 1066 తరువాత పశువుల పేర్లు సాక్సను కాపరులవనీ, ‘బీఫ్’, ‘పోర్క్’ వంటివి నార్మను ప్రభువుల పళ్ళెం మాటలనీ స్కాట్ తన ‘ఐవన్‌హో’ నవలలో ఒక పాత్రచేత చమత్కారంగా చెప్పించాడు. కథ బాగున్నది గాని, శతాబ్దాలపాటు ఆ ఫ్రెంచి మాటలు ప్రాణమున్న పశువులకు కూడా చెల్లాయి.

మన ‘అన్నం’ నడిచిన దారీ ఇదే. ‘అద్’ ధాతువునుండి పుట్టిన ఈ మాటకు సంస్కృతంలో తినబడేదని అర్థం. తైత్తిరీయోపనిషత్తు చెప్పే అన్నం సమస్త ప్రాణులనూ పోషించే ఆహారం. తెలుగులో అది ఉడికిన వరిబియ్యమైంది. జొన్నలు వండితే ‘జొన్నన్నం’ అని విశేషణం తగిలించవలసి వచ్చింది. శ్రీనాథుని పేర చెలామణి అయ్యే చాటువులు పలనాటి జొన్నకూటిని ఎగతాళి చేయడం తెలిసిందే. ఏ ధాన్యం గౌరవం పొందిందో దానికే ఆహారమనే సామాన్యనామం దక్కింది. ‘అన్నవస్త్రాలు’ అన్నప్పుడు మాత్రం పాత వైశాల్యం కనబడుతుంది. ఉపనిషత్తులను వ్యాఖ్యానించే మన రచయితలు కొందరు ‘అన్నం’ అని ఉన్నది ఉన్నట్లు దించి ఊరుకుంటారు. పాఠకుడు తన కంచంలోని మెతుకులనే తలచుకుంటాడు.

‘కూర’ మరొక వింత. ఆకుకూర, కూరగాయ అనే సమాసాలలో అది శాకం. తెలంగాణ పల్లెలలో వట్టి ‘కూర’ అంటే తరచు మాంసమే. తమిళుల ‘కఱి’ కూడా అంతే. ఇక్కడ ఢిల్లీలో, సరోజినీనగర్ చుట్టుపట్ల హిందీ వాడుకలో ‘మీట్’ ఇంకొక మెట్టు దిగి సాధారణంగా మేకమాంసమే అయింది. కోడిది ‘చికెన్’, లేదా ‘ముర్గా’.

‘ఫ్లెష్’కు అచ్చతెనుగు మాట వెదికితే ‘నంజుడు’ దొరుకుతుంది. కాని కావ్యాలలో ‘నంజుడుతిండి’ అంటే రాక్షసుడు. ఒక ఆంగ్లేయ గృహస్థు భోజనాన్ని తెనిగిస్తూ ఆ మాట వాడామా, బల్లముందు కూర్చున్నవాడికి కోరలు మొలుస్తాయి.